గుంతలో పోస్తున్నది బూడిద కాదు, మన సొమ్ము

గోపాల్‌పేట నుంచి వనపర్తి పోయే దారిలో ఈ వారం మళ్లీ అదే చూశాను. రోడ్డు పక్క గుంతలో ట్రాక్టర్‌తో తెచ్చి గుమ్మరించిన ఊక బూడిద. గాలి లేస్తే చాలు, బైకుల మీద వచ్చేవాళ్లు కళ్లు మూసుకుని నడపాల్సిందే. ఏ మిల్లుదని ఆరా తీయలేదు, ఏ మిల్లుదైనా ఒకటే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక మన దిక్కు వరి పెరిగింది, దాని వెంట మిల్లులూ బూడిదా పెరిగాయి. దుమ్ముకు కోపం ఎవరికైనా వస్తుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది, అంత విలువైన సరుకును పారబోస్తున్నామని ఎవరికీ పట్టకపోవడం.

ఆ బూడిద పిడికెడు తీసి చూడండి. నల్లగా, గరుకుగా ఉంటుంది. కాలినా ఊక రూపు పోదు. గింజను కప్పిన తొడుగు వంపు అట్లనే నిలిచి, వేళ్లతో నలిపితేనే పొడి అవుతుంది. ఆ రూపును నిలబెట్టేది సిలికా, వరి మొక్క మన నేలలోంచి పీల్చి ఊకలో దాచుకున్నది. క్వింటాల్ వడ్లకు ఇరవై కిలోల దాకా ఊక. ఆ ఊక కాలిస్తే నాలుగు కిలోల బూడిద. బాగా కాలిన బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికాయే. రెండు వందల క్వింటాళ్ల వడ్లు ఆడించిన మిల్లు ఏడు క్వింటాళ్ల సిలికాను గుంతలో పోస్తున్నట్టు లెక్క.

దీంతో ఏం చేయొచ్చో శాస్త్రం ఎప్పుడో చెప్పింది. బూడిదను కాస్టిక్ సోడాలో మరిగించి వడపోస్తే మసి పైన మిగిలి, సిలికా ద్రవంలోకి దిగుతుంది. అందులో సబ్బు జాతి రసాయనం ఒకటి కలుపుతారు. దాని అణువుకు ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు గిట్టదు. గిట్టని కొసలన్నీ లోపలికి ముడుచుకుని కంటికి కనబడని కడ్డీలుగా చేరతాయి. ఆమ్లం కొంచెం కొంచెంగా పోస్తే సిలికా ఆ కడ్డీల చుట్టూ గడ్డకడుతుంది. కడిగి, ఆరబెట్టి, 550 డిగ్రీల కొలిమిలో పెడితే సబ్బు కాలిపోయి, అది ఉన్న చోట వరసగా సొరంగాలు మిగులుతాయి. వెడల్పు మూడు నానోమీటర్ల చిల్లర. రెండు నుంచి యాభై నానోమీటర్ల రంధ్రాలున్న వాటిని మీసోపోరస్ పదార్థాలంటారు. ఆ సొరంగాల గోడలన్నీ విప్పి పరిస్తే గ్రాముకు వెయ్యి చదరపు మీటర్లు. మన కొలతలో పది గుంటలు! చిటికెడు పొడిలో పది గుంటల జాగా ఉంటే దాని మీద ఎంత పని జరుగుతుందో రైతుకు వేరే చెప్పాలా?

మొబిల్ కంపెనీ శాస్త్రవేత్తలు 1992లో ఎంసీఎం-41 పేరుతో ఇట్లాంటి సిలికాను లోకానికి చూపించారు. 1998లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా నుంచి ఇంకా పెద్ద రంధ్రాల ఎస్‌బీఏ-15 వచ్చింది. 2001లో మాడ్రిడ్‌లో ఇట్లాంటి రంధ్రాల్లో నొప్పి మందు ఇబుప్రోఫెన్ నింపి, మందు నిదానంగా బయటికొచ్చేట్టు చేశారు. ఆ సబ్బు రసాయనం ఖరీదైనదని, చిన్న ఊళ్లకు ఇది తగదని అంటారు. ఖరీదైనదే. అయితే రంధ్రాల పని దాకా పోకుండా మామూలు సిలికా దగ్గరే మొదలుపెట్టొచ్చు కదా. గుడ్‌ఇయర్ పదేళ్లుగా టైర్లలో ఊక బూడిద సిలికా వాడుతోంది. ఇక్కడ మిల్లు యజమానులకూ ఒక మాట. ఊక కాల్చే బాయిలర్ మంట ఎనిమిది వందల డిగ్రీలు దాటి మండుతుంటే సిలికా స్ఫటికంగా మారుతుంది. అప్పుడది సోడాలో సులువుగా కరగదు, ఊపిరితిత్తులకు చేటు కూడా. మంటను అదుపులో పెడితే సరుకూ బాగుంటుంది, ఊరూ బాగుంటుంది.

మరి ఇక్కడ ఎవరు చేయాలి? నేను ఎన్నాళ్ల నుంచో మొత్తుకుంటున్నదే మళ్లీ చెప్తాను. ప్రయోగశాలలన్నీ హైదరాబాద్ పట్నంలోనే. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. బాలాపూర్‌లో కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ. పనిచేసే శాస్త్రవేత్తల మీద నాకు గౌరవమే. కానీ ఊక ఇక్కడుంది, కొలిమి అక్కడుంది. వనపర్తి కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది, జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. ఒక కొలిమి, వడపోత సామాన్లు, రంధ్రాల వైశాల్యం కొలిచే యంత్రం ఒకటి ఇస్తే, జిల్లా మిల్లుల బూడిద మీద ప్రాజెక్టు చేసే పిల్లలు దొరకరా?

పిల్లలున్నారు. వాళ్లెక్కడికి పోతున్నారో చూస్తే నా కోపం బూడిద మీది నుంచి ఇంకోచోటికి మళ్లుతుంది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన పిల్లలు జడ్చర్ల పక్క పోలేపల్లి మందుల కంపెనీలకు షిఫ్టులకు పోతున్నారు. అక్కడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కోసం రైతులు భూములు పోగొట్టుకున్నారు. మన బిడ్డలు అక్కడ చేసే పని డ్రమ్ముల్లో ద్రావకం పోయడం, మీటరు చూసి రిజిస్టర్‌లో రాయడం. చదివిన రసాయనశాస్త్రంలో ఎంత అక్కరకొస్తుంది అందులో? తాతలు వలస పోయిన కాలం ముగిసిందని సంబరపడుతున్నాం గానీ, డిగ్రీ పట్టుకుని రాత్రి బస్సెక్కేది కూడా వలసే. జిల్లా నుంచి గెలిచిన ప్రజాప్రతినిధులు వచ్చే బడ్జెట్‌లో అడగాల్సింది ఇంకో సెజ్ కాదు. వనపర్తి పాలిటెక్నిక్‌కు ఒక కొలిమి అడగండి, ఆ కంపెనీల్లో మన పిల్లలకు ల్యాబుల్లో ఉద్యోగాలు ఎన్ని ఇచ్చారో లెక్క అడగండి.