ఇంటి వయోపరిమితి

తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్ ఇచ్చే నాటికి ప్రభుత్వం గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్లకు పెంచింది. న్యాయమే. కానీ హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదివిన అమ్మాయిలకు ఇంట్లో పెట్టిన గడువును ఎవరూ పెంచలేదు. ‘ఈ ఒక్కసారి రాయి, రాకపోతే సంబంధాలు చూస్తాం’ అన్న షరతు మీదే చాలామంది అక్కడికి వస్తారు. పరీక్ష వాయిదా పడితే అబ్బాయికి రెండేళ్లు పోతాయి, అంతే. అమ్మాయికి ఆ రెండేళ్లలోనే పెళ్లి, పురుడు అయిపోయి, మూడో ప్రిలిమ్స్ నాటికి చంకలో బిడ్డ ఉంటుంది. ‘దానికే చదువు మీద ధ్యాస తగ్గింది’ అని చుట్టాలు తేల్చేస్తారు.

నా పేచీ ఆ తేల్చేయడంతోనే. ముప్పైల్లో ఆడవాళ్లు పాత ఆశయాలను పక్కన పెట్టడంలో రెండు రకాలున్నాయి. వయసుతో పాటు తన ఆశను తానే దిద్దుకోవడం ఒకటి. దారి మూసుకుపోయి వదిలేయాల్సి రావడం ఇంకొకటి. రెంటినీ ఒకే గాటన కట్టి ‘సర్దుకుపోయింది’ అని మెచ్చుకుంటున్నాం.

మొదటిదానికి జాలిపడనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించిన 2008 ప్రాంతంలో ఇంజినీరింగ్‌లో చేరిన అమ్మాయిలు ఇప్పుడు ముప్పైల మధ్యలో ఉన్నారు. వాళ్లలో ఎందరో తమ ఇంట్లో తొలి పట్టభద్రులు. అయితే పదిహేడేళ్ల వయసులో కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి పెట్టాలో నిర్ణయించింది ఎంసెట్ ర్యాంకూ, నాన్నా, ఎదురింటి సాఫ్ట్‌వేర్ అన్నయ్యా. అలా చేరినామె 34 ఏళ్లకు కోడింగ్ మానేసి బడిలో లెక్కలు చెబుతానంటే, బహుశా తనకేం కావాలో తను చెప్పడం అదే మొదలు.

భర్త వెంట హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన ఆమె తోటి విద్యార్థిని కథ వేరు. 2015 మే దాకా ఆ వీసా మీద ఉద్యోగం చేసే హక్కే లేదు. తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరితేనే పర్మిట్ వస్తుంది. అదే కాలేజీ, ఒక్కోసారి భర్త కంటే మెరుగైన మార్కులు. రెజ్యూమెలో మాత్రం ఆరేళ్ల ఖాళీ. దాన్ని ఆమె ఎంచుకుందనడం అన్యాయం.

హైదరాబాద్‌లోనే ఉండిపోయినవాళ్లకు వీసా అడ్డం లేదు, గంటలు అడ్డం. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఆడవాళ్లు ఇంటిపనికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. (ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల సగటు అది, అసలు పెట్టనివాళ్లు ఆ లెక్కలోకే రారు.) ఎప్పుడు పిలిస్తే అప్పుడు దొరికే ఉద్యోగికే ఎక్కువ జీతమిచ్చే కొలువుల గురించి 2023 ఆర్థిక నోబెల్ గ్రహీత క్లాడియా గోల్డిన్ వివరంగా రాశారు. ఆడ, మగ జీతాల మధ్య తేడా ముఖ్యంగా తొలి కాన్పు తర్వాతే పెరుగుతుందనీ ఆమె చూపించారు. ఐటీ కొలువుల మాదాపూర్‌లో దీన్ని పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు. పిల్లలను పడుకోబెట్టే వేళకు క్లయింటు కాల్ ఉంటుంది, దానికి కూర్చోగలిగినవాళ్లే టీమ్ లీడ్ అవుతారు.

చట్టం లేదని కాదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలైంది, 50 మంది, అంతకు పైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి అయింది. కానీ సెలవు జీతమంతా యజమాని నెత్తినే పడుతుంది. కొత్తగా పెళ్లైన అమ్మాయిని ఇంటర్వ్యూలో వంకరటింకర ప్రశ్నలు అడగడానికి ఒక కారణం అదే. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న ఈఎస్ఐ కార్మికులకు ఈ చిక్కు లేదు. ప్రసూతి భృతి ఉమ్మడి బీమా నిధి నుంచి వస్తుంది. ఆ పరిమితి పైన ఉన్నవాళ్లకూ అలాంటి నిధి పెట్టి, తండ్రులకూ అందులోంచే వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. అప్పుడు పిల్లలెప్పుడన్న ప్రశ్న అడగాల్సి వస్తే కంపెనీలు అబ్బాయిలనూ అడుగుతాయి.