కంటిని తిప్పే ఆరు కండరాలు

కనుగుడ్డును కదిపే కండరాలు ఒక్కో కంటికి ఆరు. నాలుగు నిటారువి, రెండు ఏటవాలువి. నిటారువి నాలుగూ కంటి గూటి లోపలి కొస దగ్గర దృష్టినాడి చుట్టూ ఉన్న స్నాయు వలయం నుంచి బయలుదేరి గుడ్డుకు పైన, కింద, ముక్కు వైపు, కణత వైపు అతుక్కుంటాయి. ఏది బిగిస్తే చూపు ప్రధానంగా అటే తిరుగుతుంది.

అసలు చమత్కారం పై ఏటవాలు కండరానిది. అదీ వెనకనుంచే వస్తుంది. కానీ ముక్కు పక్కన, గూటి పైమూలలో బావి గిలకలాంటి చిన్న మృదులాస్థి కొక్కెంలో దూరి, వెనక్కి మళ్లి గుడ్డు పైభాగాన అతుక్కుంటుంది. వెనక సగాన్ని పట్టి లాగుతుంది కాబట్టి, పైన ఉండి కూడా చూపును కిందికి దించుతుంది. దీన్ని నడిపేది నాలుగో కపాల నాడి. అది దెబ్బతింటే మెట్లు దిగేటప్పుడు, పుస్తకం చదివేటప్పుడు ఒకటి రెండుగా కనిపిస్తుంది; మనిషి తెలియకుండానే తల ఓ పక్కకు వంచుతాడు. కణత వైపు కండరానికి ఆరో నాడి, మిగతా నాలుగింటికీ మూడో నాడి.

కుడికి చూడాలంటే కుడికంట కణత వైపు కండరం, ఎడమకంట ముక్కు వైపు కండరం ఒకేసారి బిగియాలి. వాటి ఎదురు కండరాలు సడలాలి. ఈ పొత్తు చెడితే మెల్ల. మెల్లకన్ను అదృష్టమని పిల్లల విషయంలో ఊరుకోవడం మాత్రం ప్రమాదం. రెండు బొమ్మల గందరగోళం తప్పించుకోవడానికి మెదడు ఆ కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది, అందులో చూపు ఎదగదు. మంచి కంటికి కొంతకాలం గంత కట్టే చికిత్స చిన్న వయసులోనే బాగా పనిచేస్తుంది.