కార్డు మీది మేక అరవదు

రెండున్నరేళ్ళ పిల్లాడికి ఇంటర్వ్యూ ఏమిటండీ? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మా మరిది కొడుకుని చేర్చడానికి వెళితే, ఆ ప్లే స్కూల్లో టీచరు మేక బొమ్మ ఉన్న కార్డు చూపించింది. వాడు "కుక్క" అన్నాడు. "కాన్సెప్ట్స్ ఇంకా రాలేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అంటూ మా తోడికోడలి చేతిలో ఫ్లాష్ కార్డుల ప్యాకెట్టు పెట్టారు. "రోజంతా ఇంట్లోనే ఉంటావు, ఇదా నేర్పింది?" అన్న మాట కూడా ఆవిడకే వచ్చింది. మాట పడేది ఎప్పుడూ తల్లేగా!

అసలు ఆ పిల్లాడు చేసిన తప్పేమిటి? నాలుగు కాళ్ళు, తోక, ఒంటినిండా బొచ్చు చూసి, ఇదీ కుక్కల జట్టే అనుకున్నాడు. అంటే వాడి బుర్ర పోలికలు వెతుకుతోంది, హద్దులు గీస్తోంది. మాటలు నేర్చే వయసులో పిల్లలు మామూలుగా చేసే పనే ఇది. నాలుగు మేకల్ని, నాలుగు కుక్కల్ని చూస్తే ఆ హద్దు సర్దుకుంటుంది. ఈ పని మాటలకంటే ముందే మొదలవుతుంది. 1993లో అచ్చయిన ఒక ప్రయోగంలో మూడు నాలుగు నెలల పసివాళ్ళకి రకరకాల పిల్లుల ఫోటోలు చూపించారు. ఆ తర్వాత కొత్త పిల్లిని, ఒక కుక్కని పక్కపక్కన పెడితే, వాళ్ళు కుక్కవైపే ఎక్కువసేపు చూశారు. వాళ్ళకి ఎవరు ఇంటర్వ్యూ పెట్టారు?

"పక్షి అంటే ఎగిరేది" అని బట్టీ పట్టిస్తారు. మరి కోడి ఏమవ్వాలి? గబ్బిలం ఏమవ్వాలి? ఎలినార్ రాష్ అనే శాస్త్రవేత్త 1970లలోనే ఈ సంగతి తేల్చింది. మన మనసులో ఒక జట్టులోవన్నీ సమానం కావు. పక్షి అనగానే పిచ్చుకలాంటిది ముందు తడుతుంది, పెంగ్విన్ ఎక్కడో చివర ఉంటుంది. మనం జట్టు కట్టేది నిర్వచనంతో కాదు, చూసి చూసి. పెదనాన్న, బాబాయ్, మావయ్య అని ఎవరిని ఏమని పిలవాలో ఏ కార్డు చూసి నేర్చుకున్నాం?

కార్డు మీద ఒకటే మేక ఉంటుంది. అది అరవదు, ఆకు మేయదు, వాసన రాదు. రేపు నల్లమేక ఎదురైతే పిల్లాడేం చెయ్యాలి?

ఇంకో సంగతి. 2008లో కార్నెల్, బ్యోర్క్ అనే ఇద్దరు, పన్నెండు మంది చిత్రకారుల బొమ్మలు చూపించి శైలి గుర్తుపట్టడం నేర్పారు. ఒక్కొక్కరి బొమ్మలన్నీ వరసగా చూసినప్పటికంటే, కలగలిపి చూసినప్పుడే జనం బాగా గుర్తుపట్టారు. తమాషా ఏమిటంటే, వరసగా చూస్తేనే బాగా వచ్చిందని చాలామంది అనుకున్నారు! పక్కపక్కన ఉంటేనే తేడా కళ్ళకి కడుతుంది మరి.

ఆ పని మన వంటింట్లో రోజూ జరిగేదే. పాలకూర, చుక్కకూర ఒకే పళ్ళెంలో పోసి పిల్లల ముందు పెట్టండి. చిన్న ముక్క నోట్లో పెట్టుకోనివ్వండి, పుల్లగా ఉన్నదేదో వాళ్ళే చెబుతారు. కందిపప్పు, పెసరపప్పు కలిపి ఏరమనండి. దగ్గర కూర్చుని కబుర్లు చెప్పండి. దీన్ని "ఖాళీగా ఇంట్లో ఉండటం" అంటే ఒప్పుకోకండి.

బొమ్మలు అసలు వద్దనను. ఒంటె మన వీధిలోకి రాదు కదా, బొమ్మలోనే చూపించాలి. కానీ ఆ బొమ్మతో పసివాడికి మార్కులు, తల్లికి చీవాట్లు వేస్తామంటే మాత్రం ఊరుకోకూడదు. మీవాడికి కాన్సెప్ట్ రాలేదని ఎవరైనా అంటే తల దించుకోకండి. "మీరు వాడికి ఎన్ని మేకల్ని చూపించారండీ?" అని నిదానంగా అడగండి.