పడవెక్కినవాడే మత్స్యకారుడా?

విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ పక్కనే, సముద్రాన్ని ఆనుకుని పెదజాలరిపేట ఉంది. బీచ్ రోడ్డుకి షికారుకొచ్చేవాళ్ళకి అక్కడ కనిపించేవి ఇసుకలో పడవలు, ముక్కుకి తగిలేది ఎండుచేపల వాసన. ప్రభుత్వానికి అది 'మత్స్యకారుల' పేట. ఆ మాటలో ఆడవాళ్ళు ఉన్నారా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక నిషేధం అవసరమే. ఆ రోజులకి ఇచ్చే భృతి 2019లో 4,000 రూపాయల నుంచి 10,000కి, 2025లో 20,000కి పెరిగింది. సంతోషం. కానీ అది పడవెక్కి వేటకి వెళ్ళేవాళ్ళ లెక్క. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తికెత్తుకుని వీధి వీధీ తిరిగి అమ్మేవాళ్ళు, మిగిలినవి ఉప్పేసి ఎండబెట్టేవాళ్ళు ఆ లెక్కలోకి రారు. పడవ ఆగితే గంప ఆగదా? వడ్డీ ఆగుతుందా?

"కుటుంబానికి ఇస్తున్నాం కదా" అంటారు. కుటుంబం పేరు చెప్పి ఇచ్చింది ఎవరి ఖాతాలో పడుతుందో మనకి తెలియనిదా? పడవెక్కే మగవాడు ఇంట్లో లేని ఆమె సంగతేమిటి?

సముద్రం వాసనైనా సోకని ముదిగుబ్బ మాది. అక్కడ చెనక్కాయ చేలో కలుపు తీసి, చెట్టు పీకి, కాయ తెంపే ఆమెని కూలీ అంటారు, రైతు భార్య అంటారు. రైతు అనరు, పట్టా ఆమె పేరున లేదు కనుక. మాకు పట్టా, వాళ్ళకి పడవ. 2007 నాటి జాతీయ రైతు విధానం కూలీలనీ, కౌలుదార్లనీ, మత్స్యకారులనీ రైతులుగానే నిర్వచించింది. స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన మహిళా రైతుల హక్కుల బిల్లు 2013లో మురిగిపోయింది. ఐక్యరాజ్యసమితి 2026ని మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ప్రకటనలకేం కొదవ?

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక మాట దగ్గరే పట్టుబడతాను. మన కథల్లో, సినిమాల్లో జాలరి స్త్రీ ఒడ్డున నిలబడి పడవ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఎదురుచూడటం తప్ప ఆమెకి మరో పని లేనట్టు! నిజానికి పడవ ఒడ్డు చేరాకే ఆమె పని మొదలవుతుంది. ఆ పనిని చూడని రచయితా, లెక్కించని అధికారీ ఒకే చూపుతో చూస్తున్నారు.

చేపలమ్మే ప్రతి స్త్రీకీ ఆమె పేరుతోనే మత్స్యకార గుర్తింపు కార్డు ఇవ్వాలి. నిషేధకాలపు భృతి ఆమె ఖాతాలోనే వెయ్యాలి. ఇది దయ కాదు, చేసిన పనికి రావలసిన లెక్క.