బేస్ గొంతు చెక్కది కాదు

బేస్ గిటారు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది 'ఇది ఏ చెక్క?' అనే. అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆల్డర్ అయితే నిండుగా పలుకుతుందట, యాష్ అయితే స్ఫుటంగా, మహాగని అయితే గంభీరంగా. ఈ మాటలు ఎంతగా పాతుకుపోయాయంటే, చెక్క పేరు చెప్పి ధర పెంచినా ఎవరూ నిలదీయరు. ఈ నమ్మకం తప్పు. యాంప్‌లోంచి వినిపించే బేస్ గొంతును ముఖ్యంగా తీర్చిదిద్దేవి పికప్, దాన్ని బిగించిన చోటు, దాని వెనకున్న సర్క్యూట్. చెక్క వంతు వీటన్నిటి తర్వాత, చాలా దూరాన వస్తుంది.

పని జరిగే తీరు చూస్తే సంగతి తేలిపోతుంది. అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగే పికప్. దాని పైన ఉక్కు స్ట్రింగ్ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు కాయిల్‌లో వోల్టేజీ పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. చెక్కకు అయస్కాంతంతో పని లేదు. పికప్‌కు అందేది స్ట్రింగ్ కదలిక ఒక్కటే. బొబ్బిలి వీణలో పనస చెక్క కుండే గాలిని కదిలించి నాదాన్ని చెవిదాకా చేరుస్తుంది. అక్కడ చెక్కే ప్రాణం. ఆ అనుభవాన్ని తెచ్చి ఎలక్ట్రిక్ బేస్‌కు అంటగట్టడంతోనే పొరపాటు మొదలవుతుంది.

చరిత్రా ఇదే చెబుతుంది. 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసిన మనిషి. 1956 ప్రాంతంలో ఆయన కంపెనీ చాలా మోడళ్లకు యాష్ వదిలి ఆల్డర్ వాడడం మొదలుపెట్టింది. 1957లో ప్రెసిషన్ పికప్ మారింది. ఒకే కాయిల్ స్థానంలో రెండు ముక్కలు వచ్చాయి: ఒకటి ఈ, ఏ స్ట్రింగులకు, రెండోది డీ, జీ స్ట్రింగులకు. రెంటినీ ఎదురెదురుగా కలపడంతో కరెంటు గుయ్‌మనే రొద కూడా పోయింది. ఇవాళ మనం 'ప్రెసిషన్ సౌండ్' అని గుర్తుపట్టేది ఈ రెండు ముక్కల పికప్‌నే. మోటౌన్ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ వాయించిన 1962 ప్రెసిషన్‌లో ఉన్నదీ అదే.

పికప్ ఎక్కడుందన్నది మరీ ముఖ్యం. ఓపెన్ స్ట్రింగ్ పొడవులో సరిగ్గా నాలుగో వంతు దగ్గర పికప్ పెడితే నాలుగో హార్మోనిక్ దానికి దాదాపుగా వినపడదు, ఎందుకంటే ఆ బిందువు దగ్గర ఆ హార్మోనిక్ కదలదు. బ్రిడ్జ్ వైపు జరిపితే పై హార్మోనిక్స్ ముందుకొచ్చి గొంతు పదునెక్కుతుంది, నెక్ వైపు జరిపితే లావెక్కుతుంది. గిబ్సన్ 1959లో తెచ్చిన ఈబీ-0లో పెద్ద పికప్ నెక్‌కు ఆనుకుని ఉండేది, అందుకే దాని శబ్దం అంత మందం. 1961 నాటి ఈబీ-3లో బ్రిడ్జ్ దగ్గర ఇంకో పికప్ చేర్చేసరికి అదే మహాగనికి కొత్త పదును వచ్చింది. జాకో పాస్టోరియస్ తన జాజ్ బేస్‌లో వెనక పికప్ మీదే ఎక్కువ ఆధారపడ్డాడు. అతని బేస్ పలికే ముక్కు గొంతు చాలావరకు అక్కడిదే.

ఇక సర్క్యూట్. సుమారు 4 హెన్రీల ఇండక్టెన్స్ ఉన్న పికప్‌కు 600 పికోఫారడ్‌ల కేబుల్, అంటే దాదాపు ఆరు మీటర్లది, తగిలిస్తే రెజొనెన్స్, అంటే స్పందన శిఖరానికి చేరే చోటు, 3,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. టోన్ నాబ్ పూర్తిగా తగ్గించగానే 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ రంగంలోకి దిగి, దాన్ని 370 హెర్ట్జ్ దగ్గరికి లాగేస్తుంది. అంతకు పైనున్న పదునంతా అణగిపోతుంది. ఒక్క నాబ్ చేసే ఇంత మార్పు ఏ చెక్క చేస్తుంది? రికెన్‌బ్యాకర్ 4001 బ్రిడ్జ్ పికప్ పలుచగా, కణకణమని పలకడానికి మేపుల్ కారణమని చాలామంది అంటారు. ఆ పికప్‌కు వరుసలో పెట్టిన 0.0047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కింది ఫ్రీక్వెన్సీలను కోసేస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

చెక్కకు అసలు పాత్రే లేదని నేననను. నెక్ బిగువును బట్టి కొన్ని స్వరాలు తొందరగా ఆరిపోతాయి. ఫెండర్ తరహా బేస్‌లలో జీ స్ట్రింగ్ మీద అయిదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఈ 'డెడ్ స్పాట్' చాలామందికి తెలిసిందే. కానీ అది నెక్ మొత్తం నిర్మాణానికి సంబంధించిన సంగతి, బాడీ ఆల్డరా యాషా అన్నదానితో తేలేది కాదు. చెక్క అన్నదే లేని గ్రాఫైట్ స్టైన్‌బెర్గర్ బేస్‌లను స్టింగ్, గెడ్డీ లీ వంటివాళ్లు వేదికల మీద వాయించారు. చెక్క లేదని వాళ్ల పాటల్లో బేస్ మూగబోలేదు.

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు? వాయించేవాడికి గిటారు వెనుక భాగం పొట్టకు ఆనుకుని ఉంటుంది, ఆ కంపనం ఒంటికి తెలుస్తుంది. అది నిజమైన అనుభవమే. కానీ శ్రోత ఒంటికి ఆ చెక్క తగలదు, అతనికి చేరేది కేబుల్‌లో వచ్చిన వోల్టేజీ మాత్రమే.

ఈ భ్రమకు మూల్యం ఉంది. నేర్చుకునే కుర్రాడు పేరున్న చెక్క కోసం అప్పు చేసి, నాసి పికప్ ఉన్న గిటారు ఇంటికి తెచ్చుకుంటాడు. అడవీ మూల్యం చెల్లిస్తుంది. గిటార్లకు వాడే రోజ్‌వుడ్ జాతులన్నిటి వ్యాపారాన్ని 2017లో సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రణలోకి తెచ్చింది. తయారీ పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికినా, ఆ చెట్ల ముప్పు తీరలేదు.

కాబట్టి తయారీదారులు చెక్క పేరుతో సరిపెట్టకుండా పికప్ ఇండక్టెన్స్, బ్రిడ్జ్ నుంచి దాని దూరం, నాబ్‌ల కిందుండే పొటెన్షియోమీటర్ల విలువ, కెపాసిటర్ విలువ ధర చీటీ మీద అచ్చువేయాలి. కొనేవాళ్లు వాటిని అడిగి తీరాలి. మనం అడగనంత కాలం వాళ్లు చెక్క కథలే అమ్ముతారు.