పేరుకే ఆఫీసర్లు

2023లో తెలంగాణ ప్రభుత్వం స్టాఫ్ నర్సును నర్సింగ్ ఆఫీసర్‌గా, హెడ్ నర్సును సీనియర్ నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. బ్యాడ్జీలు మారాయి, రబ్బరు ముద్రలు మారాయి. ఉత్తర్వు అక్కడితో ఆగింది. కళ్లెదుట రోగి పరిస్థితి దిగజారుతుంటే, డాక్టర్ వచ్చేలోపు ఈ ఆఫీసర్ తన చదువుతో, అనుభవంతో ఎంతవరకు నిర్ణయం తీసుకోవచ్చో అది చెప్పలేదు. అధికారం ఇవ్వకుండా ఆఫీసర్ అని పిలవడం గౌరవం కాదు, కంటితుడుపు.

జహీరాబాద్ లాంటి చోట ఈ లోటు నేరుగా ప్రాణాల మీదికి వస్తుంది. 65వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగానే పోతుంది. చుట్టూ చెరకు తోటలు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, రాత్రీపగలూ లారీలు. ఇక్కడ కుదరని కేసు అటు సరిహద్దు దాటి బీదర్‌కైనా పోవాలి, ఇటు సంగారెడ్డికైనా పోవాలి, అక్కడా కాదంటే దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ చేరాలి. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోదే. అందుకే ఆసుపత్రికి వచ్చేవాళ్ల నోట తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ కలగలిసి వినిపిస్తాయి. నొప్పి ఎక్కడో, ఎప్పుడు మొదలైందో ఆ మాటల్లోంచి ముందుగా ఏరుకునేది రౌండ్స్‌కు వచ్చి వెళ్లే డాక్టర్ కాదు, మంచం పక్కన ఉండే సిస్టరే.

పాముకాటు కేసునే చూడండి. రక్తాన్ని గడ్డకట్టనివ్వని విషం ఎక్కిందో లేదో తేల్చే తొలి పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. ఆ పని ఏ నర్సయినా చేయగలదు. విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాక కొందరికి నిమిషాల్లోనే రియాక్షన్ వస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి బిగుస్తుంది, బీపీ పడిపోతుంది. అప్పుడు వెంటనే తొడ కండరంలో అడ్రినలిన్ ఇవ్వాలి. ఆ సమయానికి డ్యూటీ డాక్టర్ క్యాజువాలిటీలో యాక్సిడెంట్ కేసు దగ్గర ఉంటే? ధైర్యం ఉన్న నర్సు ఇచ్చేస్తుంది, తర్వాత మెమో వస్తుందేమోనని తెల్లవార్లూ కుములుతుంది. ధైర్యం లేని నర్సు ఫోన్ చేస్తూ కూర్చుంటుంది. కేస్ షీట్‌లో మాత్రం ఒక వాక్యం తప్పకుండా రాస్తుంది: ‘డాక్టర్ గారికి తెలియజేయడమైనది.’ ఆ వాక్యం నర్సు ఉద్యోగాన్ని కాపాడుతుంది. రోగిని కాపాడదు.

దీనికి మందు కనిపెట్టాల్సిన పని లేదు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక స్కోరు పద్ధతి తెచ్చింది, 2017లో దాన్ని సవరించింది. శ్వాస వేగం, ఆక్సిజన్ సాచురేషన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం చూసి, రోగికి ఆక్సిజన్ పెట్టారో లేదో కలుపుకొని నర్సు అంకెలు వేస్తుంది. మొత్తం 5కు చేరితే డాక్టర్ త్వరగా రావాలి. 7కు చేరితే అత్యవసర బృందం పరుగెత్తుకు రావాలి. ఇందులో గొప్పంతా లెక్కలో లేదు. ‘ఎందుకో ఈయన వాలకం బాగాలేదు సార్’ అని నర్సు సంకోచిస్తూ చెప్పే మాటను ఎవరూ తోసిపుచ్చలేని అంకెగా మార్చడంలో ఉంది. దానికి కావలసింది ఒక చార్టు, ఒక పెన్ను, పై అధికారి సంతకం. మొదటి రెండూ ప్రతి వార్డులో ఉన్నాయి.

ఇంకో వింత కూడా ఉంది. లేబర్ రూంలో ఇదే నర్సును ప్రభుత్వం నమ్మింది. కాన్పు తర్వాత రక్తస్రావమైతే ఆక్సిటోసిన్, గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ తొలి డోసు ఇచ్చి పంపవచ్చని కేంద్ర మార్గదర్శకాలే నర్సులకు, ఏఎన్‌ఎంలకు అనుమతిచ్చాయి. తల్లుల మరణాలు తగ్గించాలన్న పట్టుదల ఉంది కాబట్టి దారి దొరికింది. అదే నర్సు కారిడార్ దాటి మెడికల్ వార్డులోకి అడుగుపెట్టగానే నమ్మకం ఎందుకు ఆవిరవుతోంది? ఆ కారిడార్‌లో చదువు తగ్గిపోదు కదా!

కాన్పుల విషయంలో ఈ రాష్ట్రమే ఇంకా ముందుకు వెళ్లింది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచే మిడ్‌వైఫ్‌లను తయారుచేస్తోంది. 2017లో ఆ సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వం 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చివర్లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అప్పటికి దేశంలో ఇదే అత్యధికం. ఇలాంటి రాష్ట్రంలో మామూలు కాన్పును తన బాధ్యత మీద జరిపించగల నర్సు ఎంత విలువైన మనిషో వేరే చెప్పాలా? అలా శిక్షణ పొందిన ఏ ఒక్కరినైనా జనరల్ వార్డు డ్యూటీకో రిజిస్టర్లు నింపడానికో వాడుకుంటే, అది ఆ శిక్షణకయిన ఖర్చును నేలపాలు చేయడమే.

డాక్టర్ల సంఘాల అభ్యంతరం మనకు తెలుసు: తప్పు జరిగితే కోర్టు మెట్లెక్కేది తామేనంటారు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే నర్సు ఇష్టారాజ్యం కోరడం లేదు. ఏ లక్షణాలకు ఏ మందు, ఎంత మోతాదు, ఎవరిని ఎన్ని నిమిషాల్లో పిలవాలి అన్నది డాక్టర్లే కూర్చుని ముందుగా రాసివ్వాలి. ఆ గీత లోపల పనిచేసిన నర్సుకు రక్షణ ఉండాలి, గీత దాటితే జవాబుదారీ ఉండాలి. ఏ పట్టా లేని ఆర్‌ఎంపీ ఊరూరా సెలైన్లు ఎక్కిస్తూ, స్టెరాయిడ్లు పొడుస్తూ ఉంటే దశాబ్దాలపాటు చూసీచూడనట్టు ఉన్న వ్యవస్థ, నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషి విషయానికి వచ్చేసరికే భద్రత గురించి ఉపన్యాసం ఇవ్వడం మాకు మింగుడుపడదు.

నియామకాలు జరిగాయి, కాదనం. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది నర్సులకు ముఖ్యమంత్రి చేతుల మీదుగా నియామక పత్రాలు అందాయి. కానీ ఒక వార్డులో ఒక షిఫ్టులో ఒక నర్సు ఎంతమందిని చూస్తోందన్నదే అసలు లెక్క. సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు, సెలవుల భర్తీకి అదనంగా 30 శాతం ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం జరిపిన అధ్యయనం 2002లో వచ్చింది. ఆపరేషన్ అయిన రోగుల్లో, నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడినకొద్దీ 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగిందని అది తేల్చింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లోనూ అదే తేలింది. అక్కడ ఇంకో సంగతి కూడా బయటపడింది: డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం పెరిగితే మరణించే అవకాశం 7 శాతం తగ్గింది. ఈ ఫలితాలు చేతికొచ్చి ఏళ్లు గడిచాయి. రోడ్డు టెండర్ల వివరాలు నెట్‌లో పెట్టే ప్రభుత్వానికి ప్రతి ఏరియా ఆసుపత్రి గోడ మీద ఆ పూట రోగులెందరో, నర్సులెందరో రాయించడం బరువా?

నిందంతా సచివాలయం మీదికే నెట్టేస్తే నర్సింగ్ పెద్దలు తప్పించుకుంటారు. వాళ్లనూ నిలదీయాలి. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లు తిరగేస్తే ‘ఫలానా విషయంపై అవగాహన పెంచడంలో బోధన కార్యక్రమ ప్రభావం’ అనే ఒకే మూస మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఊరు మారుతుంది, విషయం మారుతుంది, మూస మారదు. పాఠం చెప్పకముందు తెలియలేదు, చెప్పాక తెలిసింది! ఇందుకు పరిశోధనెందుకు? జిల్లా ఆసుపత్రుల్లో రాత్రిపూట ఏ లక్షణాలు ఎంత ఆలస్యంగా పట్టుకుంటున్నాం, ఫోన్ చేసిన ఎంతసేపటికి డాక్టర్ వస్తున్నారు, రిఫర్ చేసిన కేసులు దారిలో ఏమవుతున్నాయి అన్నవి ఎవరూ దున్నని బీళ్లు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య కావాలన్న నియమం కూడా సర్టిఫికెట్ ఫోల్డర్ లావెక్కడానికే పనికొస్తోంది. ఇక నర్సింగ్ సూపరింటెండెంట్ల రోజు డ్యూటీ చార్టులకు, దుప్పట్ల లెక్కకు, ఇండెంట్లకు, మెమోలకు సరిపోతోంది. కొత్తగా చేరిన నర్సు నియమం పట్టుకుని నడుస్తుందని, అనుభవం పండినకొద్దీ రోగిని మొత్తంగా చూసి పసిగట్టగలుగుతుందని నర్సింగ్ పరిశోధకురాలు పెట్రీషియా బెన్నర్ 1984లోనే రాశారు. ఆ పండిన చూపును కొత్తవాళ్లకు మంచం పక్కన నిలబెట్టి నేర్పడమే నాయకత్వం. సీనియారిటీ లిస్టు చూసి కుర్చీ ఇవ్వడం నాయకత్వం కాదు.

ప్రైవేటు నర్సింగ్ హోంల సంగతి క్లుప్తంగా. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2016లో ఏర్పడిన జగదీశ్ ప్రసాద్ కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. చిన్న పట్టణాల్లో కార్మిక శాఖ జీతాల రిజిస్టర్లు తెరిచి చూసిన రోజున అసలు రంగు తెలుస్తుంది.

కాబట్టి తప్పు ఎవరిదో మాకు సందేహం లేదు. ప్రథమ ముద్దాయి వైద్య ఆరోగ్య శాఖ, రెండో ముద్దాయి నర్సింగ్ నాయకత్వం. 1947 నాటి చట్టం స్థానంలో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం (2023) రాష్ట్ర కమిషన్ ఏర్పాటు బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం మీదే పెట్టింది. అందులో వార్డు అనుభవం ఉన్నవాళ్లు కూర్చోవాలి. ప్రతి ఏరియా ఆసుపత్రి కొనుగోళ్ల కమిటీలోనూ, మరణాల సమీక్షలోనూ నర్సింగ్ సూపరింటెండెంట్ మాటకు ఓటు విలువ ఉండాలి. అంతకంటే ముందు షాక్, ఫిట్స్, రియాక్షన్, షుగర్ పడిపోవడం, ఆయాసం, పాముకాటు, ఈ ఆరింటికీ నర్సు మొదట చేయాల్సిన పనిని రాసిన స్థాయీ ఉత్తర్వు రావాలి. దాన్ని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అచ్చువేసి జహీరాబాద్ నుంచి ఆసిఫాబాద్ దాకా ప్రతి నర్సింగ్ స్టేషన్ గోడకు అంటించాలి. వచ్చే వానాకాలం పాముకాట్ల కేసులు మొదలయ్యేలోపు ఆ ఉత్తర్వు వెలువడాలి.