చెక్కభజన మనదే, వరుసలో ఎవరు?



ఆటపాటల శిబిరాలు పట్నం మోజని, చెక్కభజన ఉన్న అనంతపురం పల్లెలకు అవెందుకని గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. సగం ఒప్పుకుంటాను. వాన మొహం చాటేసిన ఏడు కూడా మా ఊరి రామాలయం ముందు గురువు అడుగులు నేర్పేవాడు. చెక్కలు గలగలమంటే అప్పుల దిగులు కాసేపు పక్కకు తప్పుకునేది. కానీ ఆ వరుసలో ఆడవాళ్లు లేరు. ఉరుము వాద్యాలు వాయించే దళితులు దూరంగానే నిలబడేవారు. పోలియో వచ్చిన మా తమ్ముడు అరుగు మీదే కూర్చుని మోకాలిపై తాళం వేసేవాడు.

వరుసకు ఇలా దూరమైన అందరికీ శిబిరాల్లో చోటుండాలి. 1969 నుంచి జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ, వినికిడి లోపమున్న పిల్లలకు బడులు నడుపుతోంది. ‘వినపడని వాళ్లకు పాటేమిటి’ అనేవారికి ఒక్క మాట: స్కాట్లండ్ వాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెనీకి వినికిడి బాగా తక్కువ. చెప్పులు విడిచి, పాదాలతో లయ పట్టుకుంటారు. మన ఉరుము పక్కన నిలబడి చూడండి, ఆ మోత ఒంటికే తగులుతుంది.

శిబిరాలు మన కళకు పోటీ కాదు. మన గురువులకే వేతనమిచ్చి, బడి ఆవరణలో, అందరికీ చోటిచ్చి నడిపితే చాలు.

– ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం